2012 ఇన్నోవా తర్వాత ఏ కారు?

ప్రశ్న: మాది హనుమకొండ. 2012 మోడల్ ఇన్నోవా 2.5 డీజిల్ కొన్న రోజు నుంచీ మా దగ్గరే ఉంది. 2,40,000 కి.మీ. తిరిగింది. ఈ మధ్య పొద్దున్నే స్టార్ట్ కావడానికి సతాయిస్తోంది. గట్టిగా తొక్కితే నల్లపొగ వస్తోంది. ఇంజెక్టర్లు, టర్బో, సస్పెన్షన్ అన్నీ కలిపి 1,80,000 దాకా అవుతుందని మెకానిక్ అన్నాడు. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న 72 ఏళ్ళ మా అమ్మ. నెలకు రెండుసార్లు హైదరాబాద్, ఏడాదికోసారి తిరుపతి, మిగతాది ఊళ్ళో తిరుగుడు. మొత్తం నెలకు 1,200 కి.మీ. ఉంటుంది. నా భార్య కూడా నడుపుతుంది కాబట్టి ఆటోమేటిక్ కావాలి. అన్నీ కలిపి 36 లక్షల దాకా పెట్టగలను. కొత్త ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ అని నేను, ఎక్స్‌యూవీ700 చాలదా అని నా భార్య, అదే డబ్బుకు నాలుగైదేళ్ళు వాడిన జర్మన్ ఎస్‌యూవీ వస్తుంది కదా అని మా బావమరిది. ఎటూ తేలడం లేదు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ముందు మీ బావమరిది మాట చూద్దాం. ఇలాంటి బేరాల్లో ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే.

36 లక్షలకు వచ్చే ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు 60, 65 లక్షలది. ఐదేళ్ళలో కారు ధర దాదాపు సగానికి దిగింది. దాని హెడ్‌లైట్ ధర మాత్రం దిగలేదు. టైర్లు, షాకప్‌లు, సెన్సర్లు, గేర్‌బాక్స్ ఆయిల్ అన్నీ 65 లక్షల కారు ధరకే వస్తాయి. ఏనుగును సగం ధరకు కొన్నంత మాత్రాన అది సగం మేత తినదు.

ఇలాంటి కార్లలో చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి, స్టెప్నీ ఉండదు. పంక్చరైనా 80 కి.మీ. వేగం మించకుండా ఇంకో 80 కి.మీ. పోవచ్చు. ఆ సదుపాయం కోసం టైరు పక్కగోడను గట్టిగా చేస్తారు, అందుకే గుంతలో పడ్డప్పుడు అది వంగి దెబ్బను మింగుకోలేదు, లోపలి దారాలు తెగి బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుకు పంక్చర్ షాపులో మందు లేదు, మార్చుకోవాల్సిందే. మన జిల్లా రోడ్ల మీద ఇది అరుదైన సంగతేమీ కాదు.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే ఒక టేపు పట్టుకెళ్ళండి. సాయంత్రం కారును చదునైన నేల మీద పెట్టి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్యలోని లోగో నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. కారు కదల్చకుండా, స్టార్ట్ చెయ్యకుండా మర్నాడు పొద్దున మళ్ళీ కొలవండి. ఒక మూల సెంటీమీటరుకు మించి కుంగితే అక్కడి రబ్బరు సంచికి పగులు వచ్చినట్టే. పగిలిన సంచి మార్చడంతో కథ తీరదు. కారిన గాలిని నింపడానికి కంప్రెసర్ అస్తమానూ తిరిగి తిరిగి కాలిపోతుంది. పగులు ఒకటే, బిల్లులు రెండు.

ఇంజిన్, గేర్‌బాక్స్ ఏ కోడ్‌వో అడక్కుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఉదాహరణకు బీఎండబ్ల్యూ పాత ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ సాగి గరగరమని మోగిందంటే ఇంజినో గేర్‌బాక్సో దించకుండా దాని మీద చెయ్యి పెట్టలేరు. దాని తర్వాత వచ్చిన బీ47లో ఆ రోగం చాలావరకు తగ్గింది. గేర్‌బాక్సుల్లో జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్లది గట్టి పిండం. జీవితకాలం ఆయిల్ మార్చక్కర్లేదని షోరూంలో చెప్తారు గానీ, దాన్ని తయారుచేసే కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్న కారైతే మీకు అస్సలొద్దు. హన్మకొండ చౌరస్తా సాయంత్రం ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతుంటే క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కుతూనే ఉంటుంది, గేర్లు మార్చే దాని మెకట్రానిక్స్ పెట్టె పోతే బిల్లు లక్షల్లోనే.

ఇవన్నీ హైదరాబాద్‌లో ఉండేవారికి భరించదగ్గ తలనొప్పులు. మీకు సర్వీసంటే 145 కి.మీ. ప్రయాణం. డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగితే మీ ఊళ్ళో స్కానర్ పెట్టి చూసేవాడు దొరకొచ్చు. విడిభాగం తెచ్చి బిగించి, కోడింగ్ చేసి, నాలుగు రోజుల్లో ఇచ్చేవాడు దొరకడం కష్టం. కారు ఫ్లాట్‌బెడ్ ఎక్కి హైదరాబాద్ పోతుంది, మీ అమ్మగారు ఆటో ఎక్కి ఆస్పత్రికి పోతారు. ఇంట్లో రెండో కారు ఉంటే ఈ మాట అనేవాళ్ళం కాదు.

అయినా బావమరిది పట్టుబడితే కనీసం ఇవి చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మంలలో వరద నీళ్ళల్లో మునిగిన కార్లు ఎన్నో. అలాంటివి కడిగి, పాలిష్ పట్టి మళ్ళీ అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బయటికి కనబడే భాగం కడుగుతారు గానీ చుట్టలో దాగిన చివరి మూరెడు మీద బురద గీత అలాగే మిగిలిపోతుంది. సీటు కింద పట్టాల బోల్టుల తుప్పు, డిక్కీ అడుగున చెమ్మ కూడా చూసుకోండి. పెయింటు మందం కొలిచే మీటరు పెడితే కంపెనీ రంగు మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే అక్కడ పుట్టీ పడినట్టే. ఢిల్లీ రిజిస్ట్రేషన్ కారు చవగ్గా వస్తోందని మురిసిపోవద్దు: ఎన్‌ఓసీ తేవాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అమ్మేవాళ్ళు చెప్పే ధరలో అవేవీ ఉండవు. 2023 ఏప్రిల్ కన్నా ముందు తయారైన పెట్రోలు కారైతే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దానికి పడుతుందో లేదో మాన్యువల్‌లో చూడండి. బంకుల్లో ఇప్పుడు దొరికేది అదే.

ఇక మీ పాత ఇన్నోవా సంగతి. మెకానిక్ చెప్పిన 1,80,000లో కొంత ఊహ, కొంత భయం ఉన్నాయనిపిస్తోంది. స్టార్టింగ్ సతాయింపు, నల్లపొగ ఉన్నంత మాత్రాన నాలుగు ఇంజెక్టర్లూ, టర్బో పోయాయని కాదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, తలకిందులుగా అక్కడే పెట్టి చూడమనండి. మూత గంతులేస్తే బోర్ అరిగింది, ఇక ఆ కారు మీద ఖర్చు దండగ. నిమ్మళంగా కూర్చుంటే ఇంజిన్ గట్టిదే. తర్వాత లీక్‌ఆఫ్ టెస్ట్: నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను నాలుగు చిన్న సీసాల్లో పెట్టి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో నడుపుతారు. ఏ సీసా మిగతావాటికన్నా బాగా నిండిందో ఆ ఇంజెక్టరే దొంగ. దాన్నొక్కదాన్ని చేయిస్తే సరిపోవచ్చు. ఈ ఇంజిన్‌లో డీజిల్ పంపు మీదుండే ఎస్‌సీవీ అనే చిన్న వాల్వు జామైనా స్టార్టింగ్ లేటవుతుంది, ఐడిల్ ఎగిరెగిరి పడుతుంది. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టం చీలిక, మసిపట్టిన ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) చూశాకే టర్బో మీద అనుమానం పెట్టాలి.

ఒక్కటి మాత్రం వాయిదా వెయ్యొద్దు. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లుంటాయి. అవి లీకైతే మండిన గ్యాసు మసితో సహా ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ నిలిచే సంపు అడుగున దాన్ని పీల్చే జాలీ మూసుకుపోతుంది. ఆయిల్ లైటు వెలిగేసరికి బేరింగులు పోతాయి. టైమింగ్ బెల్టు 1,50,000 దగ్గర మార్చారో లేదో కూడా పాత బిల్లుల్లో వెతకండి. మార్చి ఉంటే తర్వాతిది 3,00,000 దగ్గర. మార్చి ఉండకపోతే ఈ వారమే మార్పించండి.

మరి ఇదంతా చేయించి అదే కారు ఉంచుకోవచ్చు కదా? ఉంచుకోవచ్చు. ఆర్‌సీ 2027 దాకా ఉంది, తర్వాత ఫిట్‌నెస్‌కు పోతే ఇంకో ఐదేళ్ళు ఇస్తారు. పదేళ్ళ డీజిల్ నిషేధం ఢిల్లీ చుట్టుపక్కల గొడవ, మనకు లేదు. మార్చమని మేం అనడానికి కారణం ఇంజిన్ కాదు. ఆ ఇన్నోవాలో ఏ వేరియంట్‌లోనూ పక్క కిటికీల మీదుగా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు లేవు, కారు జారిపోకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. నెలకు రెండుసార్లు పిల్లలతో హైవే ఎక్కే ఇంటికి అది చిన్న తేడా కాదు. పైగా ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు, ఒకే యజమాని చేతిలో ఉన్న ఇన్నోవాకు ఇప్పటికీ కొనేవాళ్ళు గుమ్మం ముందుంటారు. అమ్మే ముందు స్టార్టింగ్ ఒక్కటి బాగుచేయించండి. సస్పెన్షన్ మీద పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు.

హైక్రాస్ హైబ్రిడ్‌ను మీ ఇంటికి మొదటి ఎంపికగా చెప్తున్నాం, కానీ మీరనుకుంటున్న కారణానికి కాదు. మైలేజీ కోసమైతే లెక్క గిట్టదు, చూడండి. మీ తిరుగుడు ఏడాదికి 14,400 కి.మీ. లీటరు పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలనుకుందాం. హైబ్రిడ్ రోడ్డు మీద 16.5 ఇస్తే ఏడాదికి 93 వేలు. కంపెనీ చెప్పే 23.24 ల్యాబ్‌లో వచ్చిన అంకె, దాన్ని మర్చిపోండి. ఎక్స్‌యూవీ700 డీజిల్ ఆటోమేటిక్ 13 ఇస్తే 1,06,000. మామూలు పెట్రోలు హైక్రాస్ 10.5 ఇస్తే 1,47,000. జర్మన్ పెట్రోలు కారు 10 ఇస్తే 1,54,000. పెట్రోలు హైక్రాస్‌కూ హైబ్రిడ్‌కూ ధరలో తేడా సుమారు ఐదు లక్షలు, మీకు మిగిలేది ఏడాదికి 54 వేలు. పెట్టింది రావడానికే తొమ్మిదేళ్ళు దాటుతుంది. నెలకు మూడు వేల కి.మీ. తిరిగేవారికి వేరే మాట.

హైబ్రిడ్‌కు అసలు బలం దానిలో లేనివాటిలో ఉంది. టర్బో లేదు, క్లచ్ ప్లేటు లేదు, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ విడిగా లేవు, డీజిల్ పొగను వడగట్టే డీపీఎఫ్ లేదు. రెండు కరెంటు మోటార్లు, 2.0 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఒక ప్లానెటరీ గేర్ల సెట్టుకు కలుస్తాయి, అంతే. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు, టయోటా 1997 ప్రియస్ నుంచి ఇదే సూత్రాన్ని సానబెడుతూ వస్తోంది. మీ పాత కారులో ఇప్పుడు ఏవేవి పోయాయంటున్నారో, వాటిలో టర్బో ఇందులో లేదు, ఇంజెక్టర్లు, సస్పెన్షన్ మాత్రం ఉంటాయి. ఆ ఇంజెక్టర్లు కూడా డీజిల్ వాటంత ప్రెషర్ మీద పనిచెయ్యవు. బ్రేకు తొక్కినప్పుడు సగం పని మోటార్లే చేస్తాయి గనుక ప్యాడ్లు చాలాకాలం వస్తాయి.

బ్యాటరీ పోతే ఎలా అన్నది అందరి భయం. అది ఈవీ బ్యాటరీ అంత పెద్దది కాదు, చిన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, 8 ఏళ్ళు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఉంది. మీ లెక్కన 8 ఏళ్ళకు 1,15,000 కి.మీ. తిరుగుతుంది, కి.మీ. పరిమితి మీకు అడ్డు రాదు. అది గాలితో చల్లబడే బ్యాటరీ, క్యాబిన్ లోపలి ఏసీ గాలినే పీల్చుకుంటుంది. ఆ గాలి లోపలికి పోయే జాలీ ఎక్కడుందో, దాని ఫిల్టరు ఎలా తియ్యాలో డెలివరీ రోజున చూపించమనండి. తిరుపతి పోయేటప్పుడు దుప్పట్లు, సంచులు దానికి అడ్డం పెట్టారంటే బ్యాటరీ ఉడికిపోతుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగితే ప్రతి సర్వీసులో ఆ ఫిల్టరు శుభ్రం చేశారా అని అడగండి. ఎక్కువమంది హైబ్రిడ్ యజమానులను నడిరోడ్డు మీద నిలబెట్టేది ఆ పెద్ద బ్యాటరీ కాదు, మామూలు 12 వోల్టులది. అది దిగిపోతే కారు 'రెడీ'లోకే, అంటే నడవడానికి సిద్ధమైన స్థితికే రాదు. ఊరెళ్ళి రెండు మూడు వారాలు కారు కదలకపోతే ఇంట్లో ఎవరో ఒకరు వారానికోసారి రెడీలో పెట్టి అరగంటకు తక్కువ కాకుండా ఉంచాలి. ఊరికే ఏసీ, పాటలు పెట్టుకుని రెడీలోకి తేకుండా కూర్చుంటే దిగేది ఆ చిన్న బ్యాటరీయే. బ్యాటరీ కరెంటును మోటార్లకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కు విడిగా కూలెంట్ డబ్బా ఉంటుంది, ఇంజిన్ కూలెంట్‌తో పాటు దాన్నీ చూసుకోవాలి.

హైక్రాస్‌కు లోటు లేకపోలేదు. పాత ఇన్నోవాలా చాసిస్ మీద కూర్చున్న బండి కాదు, ముందు చక్రాలే లాగుతాయి. పొలం గట్ల మీద మొరటుగా తోలడానికి అది పనికిరాదు. లోపలి ప్లాస్టిక్కులు 30 లక్షల కారులా అనిపించవు. వేరియంట్ మారితే ఎయిర్‌బ్యాగ్‌ల సంఖ్య మారవచ్చు. ఏ వేరియంట్‌కు ఎన్నో కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు లేనిది తీసుకోవద్దు. దానికోసం సన్‌రూఫ్, స్పీకర్ల సోకు వదులుకోవాల్సి వచ్చినా సరే. మారుతి ఇన్విక్టో కూడా ఇదే కారు, ఇదే ఇంజిన్. మీ ఊళ్ళో ఏ సర్వీస్ సెంటర్ నమ్మకంగా చేస్తుందో, ఎవరి దగ్గర వెయిటింగ్ తక్కువో అటు వెళ్ళండి.

మీ ఆవిడ చెప్పిన ఎక్స్‌యూవీ700 (2026 నుంచి ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ పేరుతో వస్తోంది) తీసిపారెయ్యాల్సిన కారు కాదు. డీజిల్ ఆటోమేటిక్‌లో 185 హెచ్‌పీ, 450 ఎన్‌ఎం టార్క్. పికప్‌లో హైక్రాస్ దాని ముందు చిన్నబోతుంది. కారును ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు, ధరలోనూ మీకు లక్షలు మిగులుతాయి. నెలకు రెండుసార్లు హైవే ఎక్కుతారు గనుక డీపీఎఫ్ మూసుకుపోతుందన్న భయం మీకు లేదు. రోజూ మూడు కి.మీ. ఆఫీసుకు వెళ్ళొచ్చేవారికి మాత్రం ఉంటుంది. మేం వెనకాడుతున్నది ఎలక్ట్రానిక్స్ దగ్గర. 2023లో ఇంజిన్ బే వైరింగ్ తనిఖీ కోసం 1,08,306 కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. రీకాల్ చెయ్యడం నేరం కాదు, దాచడం కన్నా మేలు. కానీ మీరు అడిగిందే నమ్మకం గురించి, పన్నెండేళ్ళు ఉంచుకునే అలవాటున్న ఇల్లు మీది. ఇది తీసుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ తప్పనిసరి.

ఈ రెండింట్లో తేల్చాల్సింది నిజానికి మీ అమ్మగారి మోకాళ్ళు. టెస్ట్ డ్రైవ్‌కు ఆమెను తీసుకెళ్ళండి, అదీ ఆమె రోజూ కట్టుకునే చీరలోనే. మధ్య వరుస తలుపు దగ్గర నిలబెట్టి చూడండి. వెనక్కి తిరిగి, సీటు అంచు మీద ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోగలగాలి. సీటు మరీ ఎత్తుంటే ఒక కాలు మీద బరువంతా మోపి పైకి ఎక్కాలి, మరీ పల్లమైతే దిగేటప్పుడు మోకాళ్ళు ఏడుస్తాయి. చేతికి అందే పిడి ఉందా, గుమ్మం పట్టీ ఎంత వెడల్పుంది, పాదం తగులుతోందా చూడండి. ఒకసారి కాదు, నాలుగుసార్లు ఎక్కి దిగమనండి. షోరూం వాళ్ళు చూస్తున్నారని మొదటిసారి ఎవరైనా నొప్పి దాచుకుంటారు. మధ్యలో రెండు విడి సీట్లున్న మోడలైతే ఆమె పక్కకు జరగాల్సిన పని ఉండదు. ఐదుగురే కాబట్టి ఒక పిల్లవాడు మూడో వరుసకు పోతాడు. ఆ వరుస ఎత్తి పెట్టాక మీ తిరుపతి సూట్‌కేసులు పడతాయో లేదో ఇంటి నుంచి అవే సూట్‌కేసులు తీసుకెళ్ళి డిక్కీలో పెట్టి చూడండి.

36 లక్షలు ఆన్‌రోడ్ మాట. తెలంగాణలో ఈ ధర కార్లకు లైఫ్ ట్యాక్స్ ఎక్స్‌షోరూం ధరలో దాదాపు ఐదో వంతు. అంటే 29 లక్షలకు కాస్త ఇటుగా ఉన్న వేరియంట్ దగ్గరే ఆగాలి. పాత కారు మీ పేరు మీద ఉండగా కొత్తది కూడా అదే పేరు మీద తీసుకుంటే రెండో బండి కింద ఇంకో 2 శాతం అడుగుతారు. కాబట్టి ముందు ఇన్నోవా పేరు మార్పించండి, లేదా కొత్తది మీ ఆవిడ పేరు మీద తీసుకోండి. 10 లక్షలు దాటిన కారు మీద డీలరు ముందే వసూలు చేసే 1 శాతం పన్ను (టీసీఎస్) ఖర్చు కాదు, ఇన్‌కంట్యాక్స్ రిటర్నులో వెనక్కి వస్తుంది. హ్యాండ్లింగ్ చార్జీలంటే కట్టొద్దు. ఇన్సూరెన్సు బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే షోరూం ధర అక్కడికక్కడే దిగుతుంది. జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్షన్ రెండూ పెట్టించండి. నీళ్ళల్లో స్టార్ట్ చేసి ఇంజిన్ పట్టేస్తే మామూలు పాలసీ పైసా ఇవ్వదు.

డెలివరీకి ముందు కారును పగటి వెలుతురులో చూడండి. డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో తయారీ నెల, ఏడాది ఉంటాయి. టైరు మీద నాలుగంకెల్లో వారం, ఏడాది ఉంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం. ఐదు టైర్లూ దగ్గర దగ్గర తేదీల్లో ఉండాలి.

పాత బండి ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి. మూడేళ్ళలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు, ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం దాకా తగ్గుతుంది. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి బ్రోకర్ చేతికి ఇవ్వొద్దు. కొనేవారి పేరు, తేదీ రాశాకే సంతకం పెట్టండి. ఆర్‌సీ మీద పేరు మారేదాకా చలాన్లు, ప్రమాదాల బాధ్యత మీ నెత్తినే ఉంటుంది. తాళాలు ఇచ్చిన రోజే ఫాస్టాగ్ మూసేయించండి.